కత్తెర వైద్యం

వీధి మలుపులో మందుల షాపు నడిపే ఆయనను జనం సగం డాక్టరు అని పిలిచేవారు. వెటకారానికి పెట్టిన పేరది, ఆయన మాత్రం బిరుదనుకున్నాడు. గొంతు నొప్పి అన్నా, జ్వరం అన్నా యాంటీబయాటిక్ స్ట్రిప్పును కత్తెరతో కోసి రెండు మాత్రలు చేతిలో పెట్టి, "తగ్గగానే ఆపేయండి" అనేవాడు. డాక్టరు చీటీ అడిగిన పాపాన పోలేదు. చదువరులారా, మనమేమైనా తక్కువ తిన్నామా? ఆస్పత్రిలో కూర్చునే ఓపిక లేక అలాంటి కత్తెరల ముందు చెయ్యి చాపినవాళ్లమే.

ఆయన తల్లికి అల్జీమర్స్ వచ్చింది. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లలను పెంచిన మనిషి, ఇప్పుడు కూతురిని చూసి "ఎవరమ్మా నువ్వు?" అనేది. అటువంటి రోజుల్లో ఫోనులో ఒక వార్త కనబడింది. ఒక పాత యాంటీబయాటిక్ ఈ జబ్బు నుంచి మెదడును కాపాడవచ్చేమోనని ఎలుకల మీద పరీక్షిస్తున్నారట. ఎలుకలన్న మాట గానీ, ‘కాపాడవచ్చేమో’ అన్న మాట గానీ సగం డాక్టరు కంటికి ఆనలేదు. ఆ మందు ఆయన షాపులోనే ఉంది.

చెల్లెలు అడ్డుపడింది. "డాక్టర్ని అడిగి ఇవ్వరాదా, అన్నయ్యా?"

"మందుల మధ్యే నా తల నెరిసింది. నువ్వొచ్చి నాకు చెప్పాలా?"

"తల నెరిసిందిలే, బుద్ధే ఇంకా పండలేదు!"

ఆనాటి నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూలా అయ్యారు. జ్వరానికి అలవాటైన పద్ధతినే ఆయన తల్లి విషయంలోనూ పాటించాడు. మతి తప్పిన రోజు మాత్ర, బాగున్న రోజు సెలవు.

కొన్ని నెలలకు తల్లి ఉన్నట్టుండి గోడతో మాట్లాడసాగింది. కన్నపిల్లలనే దొంగలనుకుని కేకలు పెట్టింది. జబ్బు ముదిరిందని కొడుకు మాత్రలు రెట్టింపు చేశాడు. నిజానికి అది మూత్రంలో ఇన్ఫెక్షన్. వయసు మళ్లినవాళ్లలో అది మతిని కూడా చెదరగొడుతుంది. చెల్లెలు అన్నతో పోట్లాడి ఆస్పత్రికి చేర్చేసరికి అది రక్తంలోకి పాకింది. ఆపి ఆపి మింగించిన మాత్రలకు సూక్ష్మజీవులు రాటుదేలాయి. ఆస్పత్రిలో ఇచ్చిన ఏ మందుకూ లొంగలేదు. మర్నాటికి తల్లి పోయింది.

"ఇంత పెద్ద ఆస్పత్రిలో ఒక్క మందూ పనిచేయలేదా? మీరే చంపారు!" అని కొడుకు డాక్టరమ్మ మీదికి వెళ్లాడు.

"అరవకండి. మీరు మింగించిన మాత్రల సంగతి మీ చెల్లెలు చెప్పింది. మందులు పనిచేయకుండా చేసింది మీరే. ఆ మందు మతిమరుపుకు ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చడానికి పరిశోధకులు ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అది నిజంగా పనికొస్తుందని తేలితే రేపు నేనే రాసిస్తాను. పాత మందుకు కొత్త పని వెతకడం మంచిదే. ఆ వెతుకులాట తెమలకముందే కన్నతల్లికి మింగించడానికి మీరెవరు?"

అన్నాచెల్లెళ్లు తల్లిని ఇంటికి తెచ్చుకున్నారు.

పరామర్శకు వచ్చిన పొరుగింటాయన కాసేపు కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. "మా నాన్నకూ ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. ఆ మాత్రలేవో ఇంకా ఉన్నాయా?"

చెల్లెలి కళ్లు నిప్పులు కురిశాయి. అన్న అలవాటుగా "ఎన్ని..." అనబోయి ఆగిపోయాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు:

"మీ నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చేవాడు సగం డాక్టరు కాదండీ, హంతకుడు. మా అమ్మను చంపింది నేనే."