పేరు లేని కేక

కాగితాల మీద బెన్హర్ కోచ్. భావనపాడులో మాత్రం అతన్ని ఆ మాటతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ మేష్టారే. నరసన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయించే ఉద్యోగం అతనిది. వారానికి నాలుగు రోజులు బడి వదలగానే బండెక్కి సముద్రపు ఒడ్డుకు వచ్చి, చేపలు పట్టేవాళ్ల ఇళ్లలోని ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. నాలుగేళ్లయింది మొదలుపెట్టి. తొలి ఏడాది ఊరు నవ్వింది. ఈ ఏడాది, రెండు జిల్లాల మహిళా లీగులో ఎనిమిది జట్లుంటే భావనపాడు అన్నిటికంటే పైకెక్కి కూర్చునేసరికి, నవ్వడం మానేసి ఆశపడటం మొదలుపెట్టింది. నవ్వే ఊరితో ఏ బాధా లేదు. ఆశపడే ఊరితోనే వచ్చింది చిక్కంతా.

క్లబ్బు కార్యదర్శి యుగంధర్‌కు రెండు బోట్లున్నాయి, ఓపిక మాత్రం లేదు. ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలుండగానే ఫ్లెక్సీ కొట్టించేశాడు. అందులో అమ్మాయిలందరి కంటే పెద్దగా బెన్హర్ బొమ్మ, కింద ‘చాంపియన్ల గురువు’ అని అక్షరాలు. కట్టొద్దు బాబూ అని బెన్హర్ బతిమాలితే, “సుట్టి ఇంట్లో పెడతాను మేష్టారూ. దాన్ని ఇప్పి కట్టించే పని మీది” అన్నాడు. ఇటు నరసన్నపేట బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద స్టాన్లీ ప్రతి ఆదివారం జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదివి, పరీక్షలు రాసే పిల్లల పేర్లు చదివి, ‘మన సహోదరుడి జట్టు కోసం’ అని కూడా ప్రార్థన చేయించేవాడు. టీకొట్టు దగ్గరా, బస్సులోనూ, మంగలి షాపులోనూ ఒకటే ప్రశ్న: “ఏటి మేష్టారూ, ఈ పాలి మనదేనా?” బెన్హర్ నవ్వేవాడు. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టేవి.

ఆ బరువుతోనే పదమూడో మ్యాచ్‌కు వెళ్లాడు. ఆట నరసన్నపేటలోనే, అంటే అతని సొంత ఊళ్లో. చర్చి చర్చంతా వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆట ఇంకో ఐదు నిమిషాలుందనగా ఎవరికీ గోల్ లేదు. అవతలివాళ్లు కొట్టిన పొడుగాటి బంతి గాల్లో తేలుతూ భావనపాడు గోల్ వైపు వచ్చింది. గోల్‌కీపర్ హేమ ముందుకొచ్చి రెండు చేతులా అందుకుంది. సరిగ్గా అప్పుడే, ఆమెను చూసుకోకుండా డిఫెండర్ ఈశ్వరి అదే బంతిని తన్నడానికి కాలెత్తి పరుగెత్తుకొస్తోంది. ఆ కాలు హేమ మొహానికి తగిలేలా ఉందని బెన్హర్‌కు అనిపించింది.

“ఒగ్గీ!” అని కేకేశాడు.

ఈశ్వరి ఆగింది. హేమ పది వేళ్లూ విచ్చుకున్నాయి. చేతిలో ఉన్న బంతి కింద పడింది. పక్కనే ఉన్న అవతలి జట్టు పిల్ల దాన్ని మెల్లిగా గోల్‌లోకి నెట్టేసింది.

నాలుగేళ్లుగా బెన్హర్ ఆ పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పిన సూత్రం ఒకటుంది. పేరు చెప్పకుండా ఎవరూ కేకెయ్యకూడదు. ‘ఈశ్వరీ, లీవ్’ అనాలి, ‘తులసీ, వెనక’ అనాలి. ఆ నిమిషంలో అతనికి పేరూ గుర్తు రాలేదు, ఇంగ్లీషూ గుర్తు రాలేదు. వదిలెయ్ అనడానికి అమ్మ నేర్పిన మాట ఒక్కటే నోట్లోంచి ఊడిపడింది.

మూడు వందల మంది అరుస్తున్న చోట ఆ కేక ఎవరిదో ఎవరు కనిపెడతారు? జనం చూసింది ఒక్కటే. చేతికొచ్చిన బంతిని ఆ గోల్‌కీపర్ గుంట ఒగ్గేసింది. మ్యాచ్ పోయింది. అదే రోజు చీపురుపల్లి జట్టు గెలిచింది. రెండు పాయింట్లు ముందున్న భావనపాడు ఒక పాయింటు వెనకబడింది. ఆఖరి మ్యాచ్ చీపురుపల్లితో, వాళ్ల ఊళ్లోనే. గెలిస్తేనే కప్పు, డ్రా అయినా లాభం లేదు.

వ్యాన్ ఎక్కేటప్పుడు బెన్హర్, “ఆటలో ఇలాంటివి ఉంటాయమ్మా” అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఆ పూట చెప్పాల్సిన నిజం అది కాదని అతనికి తెలుసు. హేమ తలూపి కిటికీ పక్కన కూర్చుంది.

ఆ వారమంతా ఊరు ఆ పిల్లను వదల్లేదు. హేమకు పంతొమ్మిదేళ్లు. నాయనమ్మ లక్ష్మణమ్మతో కలిసి పొద్దున్నే ఒడ్డున చేపలు ఏరి బుట్టలకెత్తుతుంది. అక్కడ ఆడవాళ్లు చేపలు అందిస్తూ, “జాగర్త, ఒగ్గేస్తావేమో” అని నవ్వారట. యుగంధర్ వాట్సాప్ గ్రూపులో ఆఖరి మ్యాచ్‌కు తులసిని గోల్‌లో నిలబెట్టాలని రాశాడు. కింద ఇరవై మంది బొటనవేళ్లు చూపించారు. బెన్హర్ ‘చూద్దాం’ అని టైపు చేశాడు. నిజం చెబితే ఏమవుతుందో లెక్కేసుకున్నాడు. ఊరు ఇక నమ్మదు. పిల్లలు మాట వినరు. నాలుగేళ్ల పని ఒక్క కేకతో ఇసకలో కలిసిపోతుంది. కప్పు గెలిచాక చెబుదాం, అప్పుడైతే అందరూ నవ్వేసి వదిలేస్తారు అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పాపం, అంత మంచివాడికి కూడా భయం పట్టుకుంటే బుద్ధి ఇలాగే పనిచేస్తుంది. బుధవారం హేమ ప్రాక్టీసుకు రాలేదు.

గురువారం సాయంత్రం అతను మంచం పక్కన మోకాళ్ల మీద ఉండిపోవడం చూసి భార్య లీలారాణి గుమ్మం దగ్గర ఆగింది.

“అరగంటైపోయింది. కాళ్లు పట్టేస్తాయి, లెగండి” అంది.

లేచి మంచం మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నది.

“ప్రభువుకి సెప్పేసేరా?”

“సెప్పేను.”

“ఆయనకి ముందే తెలుసు. తెలీనోళ్లకి సెప్పాలి గానీ.” వంటింట్లోకి వెళ్లబోతూ ఆగింది. “ఆ పిల్లకి తల్లి లేదు. నాయనమ్మ ఒక్కర్తే. ఆలోసించుకోండి” అని వెళ్లిపోయింది.

శనివారం పొద్దున్నే బెన్హర్ భావనపాడు ఒడ్డుకు చేరేసరికి పెద్ద వల లాగుతున్నారు. ఈ వలకు రెండు తాళ్లు. ఉత్తరపు తాడు ఒక గుంపు, దక్షిణపు తాడు ఒక గుంపు పట్టుకుని ఒడ్డు మీదికి లాగుతుంటే మధ్యలో వలపెద్ద కూర్మయ్య అటూ ఇటూ నడుస్తూ కేకలేస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇంకా అలల మీంచి వినిపిస్తుంది. ఉత్తరపు తాడు దగ్గర హేమ ఉంది. వల ఒడ్డెక్కేదాకా బెన్హర్ ఇసకలో కూర్చున్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలుసు. ఇక్కడ తెలియలేదు. జనం చేపల చుట్టూ చేరాక లేచి, ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాడు.

“ఆ రోజు కేకేసింది నేనే. ఈశ్వరి కోసం వేసేను. పేరు సెప్పలేదు. హేమ బంతిని ఇడిసిపెట్టలేదు. నేను ఇడిపించేను.”

యుగంధర్ ముందుకొచ్చాడు.

“మరి వారం నుంచీ ఏటి సేస్తన్నారు మేష్టారూ?”

“భయపడ్డాను.”

“ఊరంతా ఆ గుంటని అంటంటే ఇనుకుంటా కూకున్నారా?”

“కూకున్నాను బాబూ. తప్పే.”

యుగంధర్ మొహం ఎర్రబడింది. “అయితే రేపు మీరు రావక్కర్నేదు. పిల్లల్ని నానే తీసుకెళ్తాను” అన్నాడు.

అప్పటిదాకా తడి చేతులు లుంగీకి తుడుచుకుంటున్న కూర్మయ్య, “ఒరే, ఆగరా” అని బెన్హర్ వైపు తిరిగాడు. “ఏటని కేకేసినారు?”

“ఒగ్గీ అని.”

కూర్మయ్య కుడి అరచెయ్యి చాపాడు. దాని మీద అడ్డంగా, తాడు కోసిన పాత మచ్చ ఉంది.

“మా గుంటలకి ఊహ తెలిసీసరికే తాడు పట్టిస్తాం మేష్టారూ. అల లాగేటప్పుడు ఒగ్గీ అంటే ఒగ్గీడమే. ఎందుకని ఆలోసిస్తే సెయ్యి ఇలా తెగుద్ది. అందుకే ఉత్తరపోళ్లు ఒగ్గండి, దచ్చినపోళ్లు ఒగ్గండి అని సెప్పి మరీ కేకెయ్యాల. ఉత్త ఒగ్గీ అన్నామంటే రెండేపులా ఒగ్గేస్తారు. వల పోద్ది, సేప పోద్ది. అది కేకేసినోడి తప్పు. తాడు పట్టినోళ్లని మనం ఏనాడన్నా అన్నామా?” అని ఆడవాళ్ల వైపు చూశాడు. “మరి ఈ గుంటనెందుకన్నారే?”

బుట్టలు సర్దుకోవడానికి అప్పుడే చాలామందికి తొందరొచ్చింది. లక్ష్మణమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసింది.

బెన్హర్‌కు అప్పటిగ్గానీ అర్థం కాలేదు. నాలుగేళ్లుగా ఆ చేతులకు బంతి పట్టడం నేర్పుతున్నాడు గానీ, అంతకుముందు ఆ చేతులు ఏం నేర్చుకున్నాయో ఒక్కసారీ అడగలేదు.

“మరి ఇతన్నేటి సేద్దామంటావు?” అన్నాడు యుగంధర్, కొంచెం తగ్గి.

“మనోళ్లకేటి సేస్తామో అదే. కేక తప్పినోడు మర్నాడు కేకెయ్యడు. నోరు మూసుకుని అందరితో పాటు తాడు పడతాడు. ఆ తరవాత మళ్లీ అతనే. నా మట్టుకు నాను మూడుసార్లు అలా తాడు పట్టినాను.” కూర్మయ్య బెన్హర్ భుజం తట్టాడు. “రేపు రండి. నోరు మెదపకండి.”

హేమ ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ తల వంచుకుని తాడు చుట్టలు వేస్తూనే ఉంది. బెన్హర్ దగ్గరకు వెళ్లి, “రేపు గోల్‌లో నువ్వే ఉండాలమ్మా” అన్నాడు. “సరే మేష్టారూ” అంది, తలెత్తకుండా. కోపం వచ్చిందనుకున్నాడు. రావడం న్యాయమేననుకున్నాడు.

ఆదివారం చీపురుపల్లిలో ఎండ మాడ్చేస్తోంది. అవతలి ఊరు మొత్తం గ్రౌండు చుట్టూ ఉంది. భావనపాడు బెంచీ మీద బెన్హర్, అతని పక్కన కాపలాకు లక్ష్మణమ్మ. ఒడి నిండా వేయించిన వేరుశనగ కాయలు తెచ్చుకుంది. అతను నోరు తెరిచినప్పుడల్లా గుప్పెడు కాయలు చేతిలో పోసి, “నవలండి” అనేది. మొదటి సగం అయ్యేసరికి కాళ్ల కింద తొక్కలు పోగుపడ్డాయి.

నోరు కట్టేసుకుంటే చెవులు తెరుచుకున్నాయి. “ఈశ్వరీ, నాది!” అని ఒక గొంతు గ్రౌండంతా మోగింది. ఎవరిదా అని చూస్తే హేమది. “తులసీ, ఎడంపక్క సూడు!” మళ్లీ హేమే. నాలుగేళ్లలో మ్యాచ్ మధ్యలో ఆ పిల్ల గొంతు అతను వినలేదు. తన అరుపులు ఎప్పుడాగాయని వినడానికి? ఆ గొంతులో తన గొంతు కంటే నిబ్బరం ఉంది. అతనికి సిగ్గనిపించింది, మరుక్షణమే గర్వమనిపించింది. రెండూ కలిపి వేరుశనగ కాయలతో పాటు మింగాడు.

చీపురుపల్లి వాళ్లు ఏడుసార్లు గోల్ మీదికి వచ్చారు. ఏడుసార్లూ హేమ పట్టింది, లేదా నెట్టేసింది. ఇటు మన అమ్మాయిలు కొట్టిన బంతి ఒకటి గోల్ కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. విజిల్ ఊదేసరికి సున్నా, సున్నా. కప్పు చీపురుపల్లిది.

అవతల డప్పులు మోగుతుంటే ఈశ్వరి గ్రౌండు మధ్యలో కూలబడి ఏడ్చింది. బెన్హర్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. యుగంధర్ దూరంగా నిలబడి ఫోన్లో ఎవరికో, “పోనాది” అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. తరవాత అతనే వెళ్లి పిల్లలందరికీ చల్లటి మజ్జిగ ప్యాకెట్లు తెచ్చాడు. బెన్హర్‌కు కూడా ఒకటి ఇచ్చాడు, మొహం చూడకుండా.

తిరుగు ప్రయాణంలో, పొద్దు వాలుతుండగా, వ్యాన్ శ్రీకాకుళం దాటాక హేమ లేచి వచ్చి బెన్హర్ పక్క సీట్లో కూర్చుంది. మోచేతికి దెబ్బ తగిలి చర్మం లేచిపోయింది. అతను రుమాలు ఇచ్చాడు.

“నామీద కోపం పోయిందా?” అన్నాడు.

“కోపమేటి?”

“వారం రోజులు నీకు తెలీకుండా దాసేను కదా. కేకేసింది నేనని.”

హేమ అతని మొహంలోకి చూసింది. “తెల్దేటి మేష్టారూ? నాలుగేళ్ల నుంచి ఇంటన్నాను మీ గొంతు. ఆ రోజే తెలుసు.”

బెన్హర్ సీట్లో ముందుకు జరిగాడు.

“మరి అందరూ అన్నేసి మాటలంటంటే ఎందుకు సెప్పలేదమ్మా?”

ఆమె రుమాలు మోచేతికి చుట్టుకుంటూ, అంత మామూలు సంగతి అడుగుతున్నాడేంటన్నట్టు చెప్పింది.

“సెప్తే మిమ్మల్ని మానిపించేస్తారు కదా. నన్ను మానిపిస్తే తులసి ఉన్నాది. మీరు మానేస్తే మాకెవులున్నారు?”

బెన్హర్ కిటికీ వైపు తిరిగాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. బయట హైవే మీద దుకాణాల లైట్లు ఒక్కొక్కటిగా వెనక్కి పోతున్నాయి.

“మేష్టారూ, మీరు దిగాల్సిన నరసన్నపేట దాటిపోతన్నాది” అంది వెనక సీట్లోంచి ఈశ్వరి.

“దాటనీ” అన్నాడు బెన్హర్.