దుబాసీ వదిన

ఇంట్లో వదిన రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్ళ ప్రశ్నలకు జవాబులు రాస్తుంటుందని నర్సుకు తెలుసు. "ఊళ్ళో పనులన్నీ నీ నెత్తినే వేసుకుంటావేంటి వదినా?" అని ఆటపట్టించేది కూడా.

తెర మీద విండోలూ బటన్లూ గీసిపెట్టే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఒక కంప్యూటరు భాషలో రాశారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళలో చాలామందికి వచ్చిన భాష వేరు. రెంటికీ మధ్య దుబాసీలా నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసే సాఫ్ట్‌వేర్ వదినది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు. పెద్దది మారినప్పుడల్లా దీన్నీ మార్చాలి. నడిచినన్నాళ్ళూ దాని ఊసే ఎవరూ ఎత్తరు. ఆగిందా, అందరికీ వదినే గుర్తొస్తుంది.

నర్సు వార్డులో పక్షవాతంతో మాట పడిపోయిన బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన కోసం ట్యాబ్లెట్ కంప్యూటరు తెచ్చారు. బొమ్మ నొక్కితే "నీళ్ళు", "నొప్పి", "దుప్పటి" అని పలుకుతుంది. నర్సు నొక్కితే చక్కగా పలికింది. ఆయన నొక్కితే తెర నల్లబడి ఊరుకుంది. "ఈయన చెయ్యి పడితే బంగారమూ మట్టే," అని ఆయన భార్య నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన ట్యాబ్లెట్‌ను తోసేసి గోడవైపు తిరిగిపోయాడు.

నర్సు ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే, వదిన ఆ ప్రోగ్రామ్ పేరడిగి, "అది నా దాని మీద నడిచేదే. రేపు నేనూ వస్తా," అంది.

వచ్చింది. ట్యాబ్లెట్ ముట్టుకోలేదు. మంచం పక్కన కూర్చుని, "బాబాయ్ గారూ, మీకు తోచినట్టే నొక్కండి. ఆగిపోతే ఆగిపోనీండి, అది చూడ్డానికే వచ్చా," అని బతిమాలింది. కాసేపటికి ఆయన వేలు వణుకుతూ దిగింది. బటన్ మీద ఆగింది. అది లేచేలోపే పేజీ మారింది, లేవగానే తెర నల్లబడింది.

"దొరికింది!" అంది వదిన. "మనం టక్కున నొక్కి తీసేస్తాం. ఈయన వేలు లేచేసరికి పేజీ మారి ఆ బటనే ఉండట్లేదు. వేలు లేచిందన్న కబురు లేని బటన్‌కి చెప్పబోయి నా దుబాసీ బోర్లా పడుతోంది. ఈయన చేతిలో ఏ లోపమూ లేదు, తప్పు నాది."

కండక్టరు తన చేతిని ఓసారి చూసుకున్నాడు.

వదిన అప్పటికప్పుడు ఆ ఒక్క ట్యాబ్లెట్‌కు తాత్కాలికంగా అతుకు వేసింది. ఆయన నీళ్ళడిగి తాగాడు.

"అయిపోయిందిగా, పద," అంది నర్సు.

"ఇక్కడికి అయింది. వణికే చేతులు ఈ వార్డులోనే ఉన్నాయా ఏంటి?"

అసలు పని అప్పుడు మొదలైంది. దుబాసీని మొదలంటా సరిచేస్తే, పాత పద్ధతిని నమ్ముకున్న వేరేవాళ్ళ ప్రోగ్రాములు కొన్ని ఆగిపోతాయి. వదిన వాటిని ఒక్కొక్కటే వెతికి, ఎక్కడ ఏం మార్చాలో తనే రాసి పంపింది. వాళ్ళలో ఒకాయన మాత్రం, "పనిచేసేదాన్ని చెడగొట్టడమేనా మీ పని?" అని ఇంటర్నెట్‌లో నలుగురూ చూసేచోట దులిపేశాడు.

"నేనైతే కడిగేసేదాన్ని!" అంది నర్సు.

"కోపమొచ్చిందంటే వాడుతున్నాడనేగా," అని వదిన ఆయనకు కండక్టరు వేలు ఎలా దిగిందో, ఎలా ఆగిందో వివరంగా రాసింది. ఆయన తన ఫోను మీద నెమ్మదిగా నొక్కి చూసుకున్నాడట. క్షమాపణ చెప్పడంతో సరిపెట్టలేదు, మిగిలినవి తను చూస్తానని సగం పని నెత్తికెత్తుకున్నాడు. "ఊళ్ళో పనులు నెత్తిన వేసుకునేవాళ్ళు నీకు తోడు ఇంకొకరున్నారన్నమాట!" అంది నర్సు.

సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ను ట్యాబ్లెట్‌లో వేయడానికి వదిన వార్డుకు వచ్చిన రోజున కండక్టరు భార్య ఇరుగుపొరుగు కబుర్లు చెబుతోంది. ఆయన వేలు నింపాదిగా దింపాడు. "చాలు," అంది ట్యాబ్లెట్. మళ్ళీ దింపాడు. "చాలు."

"చూశారా, మాట రాగానే ముందు నా నోరే మూయిస్తున్నాడు!" అందావిడ. వార్డంతా గొల్లున నవ్వింది.

వదిన నవ్వుతూనే పక్క మంచం మీది ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, మీరూ ఓసారి నొక్కి చూస్తారా? ఎక్కడైనా ఆగిపోతుందేమో చూద్దాం."

నర్సు ఆ ముసలావిడను లేపి, వీపు కింద దిండు సర్దింది.