ఉపన్యాసంలో ఏడో పేజీ

"నువ్వు రాస్తే ఏంటి, నేను రాస్తే ఏంటి కాత్యాయనీ, ఇంటిపేరు ఒకటే కదా!"

లాల్చీ చేతి మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్న కాత్యాయనికి ఆ మాట కొత్తది కాదు. ఏడేళ్లుగా వింటోంది. కాకపోతే ఈసారి తనే నోరు తెరిచి అడిగింది. "ఈ ఒక్క ప్రసంగం నా పేరు మీద నన్నే చదవనివ్వండి" అని. భర్త వీరరాఘవరావు కోప్పడలేదు, నవ్వాడు. కోప్పడినా బాగుండేది. ఆ నవ్వుకే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

అబూధాబిలో తెలుగువాళ్లు నెలకోసారి పెట్టుకునే సాహిత్య సభలో ఆయన లేని ఆదివారం లేదు. ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ మేనేజరు. మనిషి నిండుగా ఉంటాడు, గొంతు కంచు. మైకు ముందు నిలబడితే ఎవరైనా వినాల్సిందే. ఆ కాగితాలు రాసేది మాత్రం కాత్యాయని. ఆయన వాటిని వేదిక ఎక్కేదాకా తెరిచి చూడడు. "ముందే చదివితే తాజాదనం పోతుందోయ్" అంటాడు. తాజాదనం లేదు, బద్ధకం! ఆయన గొంతులో తన వాక్యాలు వింటూ వెనక వరుసలో పులిహోర గిన్నె పక్కన కూర్చోవడం ఆమె వంతు. అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా గరిటె పక్కన పెట్టి కొట్టేది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఈసారి విషయం పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి నవలాకారుడొకరి జీవితం, రచనలు. పదకొండు నెలలు ఆయనతోనే కాపురం చేసినట్టయింది కాత్యాయనికి. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పరీక్ష తప్పాడు. ప్రచురణకర్త దగ్గర పుస్తకాల కట్టలు కట్టాడు, పత్రికల్లో చేరాడు. ఊహించి రాయడం ఆయనకి చేతకాదు, వెళ్లి చూడాలి. గని కూలీల కోసం గనిలోకి దిగాడు. రైలు కార్మికుల కోసం ఇంజను ఎక్కాడు. చివరికి, చేయని నేరానికి శిక్ష పడ్డ ఒక సైనికుడి కోసం పత్రిక మొదటి పేజీలో ప్రభుత్వాన్ని నిలదీసి, దేశం విడిచి పారిపోవాల్సొచ్చింది. చాకలివాడ ఆడవాళ్ల మీద కూడా ఒక నవల రాశాడు. అది చదువుతుంటే కాత్యాయనికి ఒక చిలిపి సందేహం వచ్చింది. మరి ఆ నవల రాసే రోజుల్లో ఈయన చొక్కా ఎవరు ఉతికారు? ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు.

ఆయన పద్ధతేమిటో తనూ చూద్దామనుకుంది. ముసఫ్ఫాలో వాళ్లుండే బిల్డింగు కింద చాంద్ బాషా లాండ్రీ ఉంది. వెనక గదిలో ఇస్త్రీ చేసేది అతని భార్య ఖుర్షీదా, రాయచోటి మనిషి. నోట్‌బుక్ పట్టుకుని మూడు పొద్దులు ఆ ఆవిరిలో కూర్చుంది కాత్యాయని. ఖుర్షీదా మోచేతి మీద కాలిన మచ్చలు ఎన్నో, నీళ్లు చల్లేటప్పుడు నడుం ఎటు వంచుతుందో, అన్నీ రాసుకుంది.

"ఏందక్కా, నా గురించి రాస్తాండావే, నీ గురించి రాయవా?" అంది ఖుర్షీదా మూడో రోజు. "షర్టులన్నీ నువ్వూ ఇస్త్రీ చేస్తావు గదా? నేను సాయంత్రం షట్టరు దించితే ఖలాస్. నీకు షట్టరేదీ?"

కాత్యాయని పక్కున నవ్వేసింది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఏడుపొచ్చింది. చేతులు తుడుచుకుని నోట్‌బుక్‌లో ఇంకో పేజీ రాసింది.

ఇప్పుడు లాల్చీ మడత పెట్టి, ఆయన స్నానానికి వెళ్లగానే ఆ పేజీని శుభ్రంగా ఎత్తి రాసింది. ఫైలులో ఏడో పేజీగా పెట్టింది. తీసేద్దామా అని ఒకసారి చెయ్యి వెళ్లింది కూడా. అంతలో స్నానాల గదిలోంచి కంచుకంఠం వినబడింది.

"కఠినమైన మాటలేం పెట్టలేదు కదా? నాకు నోరు తిరగదు!"

"లేదండీ. అన్నీ మీకు తెలిసినవే" అంది. ఫైలు మూసేసింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. ఖుర్షీదాని కూడా పిలిచింది కాత్యాయని. ఇద్దరూ పులిహోర గిన్నెకి చెరోపక్క కూర్చున్నారు. వీరరాఘవరావు వేదికెక్కి ప్రసంగం అందుకున్నాడు. గని దగ్గర గొంతు తగ్గించాడు, పత్రిక లేఖ దగ్గర ఉరిమాడు. ఆరో పేజీ అయింది. కాత్యాయని చీర కొంగు పిడికిట్లో బిగించింది.

"ఈ పద్ధతికి మన మధ్య నుంచే ఒక ఉదాహరణ" అని గంభీరంగా మొదలుపెట్టాడు. "ముసఫ్ఫాలో ఒక ఇల్లు. ఉదయం అయిదున్నర. ఆమె లేచి కాఫీ పెడుతుంది. ఆయన పేపరు చూస్తూ చల్లారబెడతాడు. ఆమె మళ్లీ వేడి చేస్తుంది. మేజోడు ఒకటి సోఫా కింద, రెండోది ఫ్రిజ్ మీద."

హాల్లో ఆడవాళ్లు నవ్వారు. మెచ్చుకోలేమో అనుకుని ఆయన ఇంకాస్త గొంతు పెంచాడు.

"ఆయన మంచి వక్త. ప్రసంగాలన్నీ ఆమే రాస్తుంది. వేదిక ఎక్కేదాకా ఆయన వాటిని తెరిచి చూడడు. చూసి ఉంటే, ఈ వాక్యం చదివేవాడు కాదు."

చదివేశాడు. ప్రతి అక్షరం స్పష్టంగా, మైకులో.

వీరరాఘవరావు కాగితం వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి వెనక వరుస వంక చూశాడు. ముఖం కందగడ్డ అయింది.

"అది మా అక్క రాసిందే!" అని లేచింది ఖుర్షీదా. "నోట్‌బుక్కంతా నా కళ్ల ముందర నింపింది. యల్లా అక్కా, పో!"

కాత్యాయని లేచి నడిచింది. వేదిక ఎక్కింది. "మిగతాది నేను చదువుతానండీ" అంది. ఆయన పక్కకి జరిగాడు. జరగక ఏం చేస్తాడు!

ఖుర్షీదా ఇస్త్రీ గది గురించి ఆమె చదివింది. ఆ నవలాకారుడి చొక్కా ఎవరు ఉతికారని అడిగింది. గొంతు మొదట సన్నగా పలికింది, రెండో పేరాకల్లా తనదే అయింది. అయ్యాక ముందు ఆడవాళ్లు లేచారు, తర్వాత మగవాళ్లూ లేచారు. అధ్యక్షుడు మల్లికార్జునరావు మైకు తీసుకుని, "ఇంతవరకు మనం విన్నది కాత్యాయనిగారి ప్రసంగం" అన్నాడు. పేరు విడిగా, ఎవరి భార్యగానూ కాకుండా. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ వినడం! ఈలోగా వెనక పులిహోర గిన్నె పక్కన, ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న వీరరాఘవరావు ముందు జనం ప్లేట్లు పట్టుకుని వరుస కట్టారు. ఆయన కాసేపు తటపటాయించి గరిటె అందుకున్నాడు.

కారులో ఒక్కటే మాటన్నాడు. "నా పరువు తీశావు."

"కళ్లతో చూసిందే రాశానండీ" అంది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆయన బనీను మీదే హాల్లోకి వచ్చాడు. కాత్యాయని భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు కాఫీ, ఒక్క కప్పే.

"నా షర్టు ఇస్త్రీ కాలేదే?"

"కింద ఖుర్షీదా షట్టరు ఎత్తే ఉంటుంది. ఇచ్చి రండి."

ఆయన షర్టు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

"పొద్దున్నే ఏం రాస్తున్నావు?"

కాత్యాయని తలెత్తలేదు.

"నిన్న మీరు ఆగిపోయిన చోటు నుంచి."