బావమరిదికి శిక్షణ

ఆదివారాలు పిల్లల్ని కొండలెక్కించే బృందాన్ని ఇద్దరు నడిపేవారు, జీతం లేకుండా. ఒకరు ప్లంబరు. రెండోవాడు అతని బావమరిది, కళ్ళద్దాల షాపు యజమాని. పిల్లలకు ప్లంబరంటే గౌరవం, బావమరిదంటే ప్రాణం.

పిల్లల రక్షణ మీద శిక్షణ తీసుకోనివాళ్ళు ఇకపై పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్ళకూడదని కొండలెక్కేవాళ్ళ సంఘం నియమం పెట్టింది. ఈ కబురు బావమరిదికి చెప్పే పని ప్లంబరు నెత్తిన పడింది.

బావమరిది షాపులో ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తున్నాడు. తలెత్తలేదు.

“ఇన్నేళ్ళుగా చేస్తున్నా. ఇప్పుడు నాకు శిక్షణేంటి బావా? ఆ మాటలోనే శిక్ష ఉంది.”

“అందరికీ పెట్టార్రా. నాక్కూడా.”

“నీకైతే సరే. నీ మొహం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.”

ప్లంబరు ఈ మాట మనసులో పెట్టుకోలేదు. భార్యకు చెప్పాడు. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడింది. శనివారం బావమరిది అందరికంటే ముందొచ్చి, వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

శిక్షణ ఇచ్చేది పిల్లల ఆసుపత్రి నర్సు. లైబ్రరీ మేడ మీది గదిలో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతున్నాయి, ఆపితే మనుషులు ఉడికిపోతున్నారు. ఆవిడ కాగితాల మీద మంచినీళ్ళ గ్లాసులు పెట్టించి మొదలుపెట్టింది. ఒక్క పిల్లవాడితో ఉన్నప్పుడు తలుపు మూయకూడదు. ఒక్కడినే బండెక్కించుకోకూడదు. పిల్లలు ఏం చెప్పినా మొహం మార్చకుండా వినాలి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకూడదు.

బావమరిది చెయ్యెత్తాడు. “మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారండీ.”

“మొహం చూసి దొంగని పట్టగలిగితే ఈ క్లాసే అక్కర్లేదండీ,” అని నర్సు పేజీ తిప్పింది.

భోజనాలయ్యాక ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు పిల్లవాడిగా, ఒకరు పెద్దగా మాట్లాడాలి. బావమరిది పిల్లవాడు. ప్లంబరు పెద్ద.

“నాకు క్యాంపుకి రావాలని లేదు,” అని బావమరిది కాగితంలో ఉన్నది చదివాడు, కరెంటు బిల్లు చదివినట్టు.

“ఎందుకు బాబూ?” అన్నాడు ప్లంబరు. బావమరిదిని బాబూ అన్నందుకు అతనికే నవ్వొచ్చింది.

బావమరిది కాగితం మడిచాడు. “ఈత నేర్పే సారు నన్నొక్కడినే ఆగమంటాడు. తలుపు వేస్తాడు.”

ప్లంబరు తన కాగితంలో వెతికాడు. “అది ఇందులో లేదు కదరా.”

“లేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.”

చుట్టూ మిగతావాళ్ళు గట్టిగా పాఠం ఒప్పజెబుతున్నారు. పైపు పగిలితే ముందు ఏది కట్టెయ్యాలో ప్లంబరుకు తెలుసు. ఇక్కడ తెలియలేదు. అందుకని పొద్దున నేర్పినట్టే మొహం మార్చకుండా విన్నాడు. బావమరిది నేల చూస్తూ అంతా చెప్పాడు.

“అక్కకి చెప్పకు,” అన్నాడు చివర్లో.

“మాట ఇవ్వలేను.”

నర్సు ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. “ఆ నియమం పిల్లల విషయంలోనండీ,” అంది నెమ్మదిగా. “ఈయన పెద్దవారు. ఎవరికి చెప్పాలన్నది ఈయనిష్టం.” తర్వాత బావమరిదిని అడిగింది, “ఆయన ఇంకా పిల్లలకి నేర్పుతున్నాడా?”

“పోయాడు. రిటైరైనప్పుడు సభ పెట్టి పొగిడారు. చప్పట్లు నేనూ కొట్టాను.”

ఇలాంటివి వినే డాక్టరు ఒకావిడ ఉన్నారని చెప్పి నర్సు నంబరిచ్చింది. బావమరిది దాన్ని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం అందరితో పాటు అతనికీ సర్టిఫికెట్ ఇచ్చారు.

అటునుంచి అటే అతను బావ వెంట అక్క ఇంటికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడే చెప్పాడు. అక్క స్టవ్ ఆపింది.

“నువ్వు ఈతకి వెళ్ళనంటే నాన్న కొట్టారు,” అంది. “మొండివాడివని నేనూ అన్నాను.”

“నువ్వూ చిన్నదానివేగా అక్కా.”

ఆవిడ కుర్చీ లాగి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది. “మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

ప్లంబరు వాళ్ళిద్దరికీ టీ పెట్టాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు. ఇద్దరూ ఏమీ అనకుండా తాగేశారు.