పారెయ్యొద్దన్న అట్టపెట్టెలు

శుక్రవారం పొద్దున్నే అట్టపెట్టెల దగ్గర గొడవైంది మాకు.

రెండు వారాలకోసారి పాత కాగితాలూ అట్టలూ పట్టుకుపోయే బండి ఆ రోజే వస్తుంది. కింద నేలమాళిగలో ఫ్రిజ్ వెనక, మడిచి పేర్చిన అట్టపెట్టెలు ముప్ఫై దాకా ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం నాష్‌విల్ నుంచి పిట్స్‌బర్గ్ వచ్చినప్పటివి. అన్నిటి మీదా నా చేతిరాతే. "వంటిల్లు, పగిలేవి." "ఐవీ చలి బట్టలు." "మార్లన్ బూట్లు" అని ఏడు పెట్టెలు. ఇన్నాళ్ళూ వాటిని దాచింది నేను, పారెయ్యమని సణిగింది మా ఆయన మార్లన్. "చెత్తంతా పోగేసి కూర్చుంటావేంటి షెల్, ఎలకలు చేరతాయి" అనేవాడు. ఆ పొద్దున నాకే అనిపించింది, ఇంక వీటితో పనేముందని. పైకి మోసుకొచ్చి గుమ్మం బయట పెడుతుంటే మార్లన్ నోట్లో బ్రష్షుతో మెట్లు దిగాడు.

"అవెందుకు పారేస్తున్నావ్?"

"నువ్వే కదా ఎలకలన్నావు."

"ఎలకల్లేవు, ఏమీ లేవు. ఉండనీ."

"నాలుగేళ్ళ నుంచీ పారెయ్ పారెయ్ అని నా ప్రాణం తీసి..."

"ఉండనీ అంటే ఉండనీవోయ్! అట్టముక్కకి కూడా వాదనేనా నీతో?"

బ్రష్షు జేబులో పెట్టుకుని, రెండు విడతలుగా తనే వాటిని కిందకి మోశాడు. పదకొండేళ్ళ కాపురంలో మార్లన్ ఒక అట్టపెట్టె మోయడం నేను చూడటం అదే మొదటిసారి. కోపం రాలేదు నాకు. వింతగా అనిపించింది. ఈ మనిషికి అట్టల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

మంగళవారం ఫోనొచ్చింది. మార్లన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్, కాళ్ళతో తన్నేది కాదు, చేతులతో ఆడే అమెరికా ఫుట్‌బాల్. దూరం నుంచి విసిరిన బంతిని పరుగెత్తుతూ గాల్లోనే అందుకోవాలి. ఆటలు లేని నెలల్లో చేతులు మొద్దుబారకుండా పెరట్లో బంతులు విసిరే యంత్రం పెట్టుకున్నాం. రోజూ రెండొందల బంతులు. యంత్రం విసురుతుంది గానీ దాని నోట్లో బంతి పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. కుట్లు పైకి ఉండేలా పెట్టాలి, లేకపోతే బంతి వంకరగా పోతుంది, నాకు మాట పడుతుంది. నూట నలభయ్యో బంతి దగ్గర నా కోటు జేబులో అతని ఫోను మోగింది. తీసిచ్చాను. కంచె దాకా నడిచి మాట్లాడొచ్చాడు.

"నన్నిచ్చేశారు షెల్. ఆరిజోనా జట్టుకి."

"అదేంటి? ఇంత హఠాత్తుగానా?"

"మన చేతుల్లో ఏముంది చెప్పు? వాళ్ళు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి."

నాష్‌విల్‌కి వెళ్ళేటప్పుడూ ఈ మాటే అన్నాడు, ఇక్కడికి వచ్చేటప్పుడూ ఇదే. అప్పుడు అతని గొంతు వణికింది. ఇప్పుడు వణకలేదు. మిగిలిన అరవై బంతులూ పూర్తి చేద్దాం రమ్మన్నాడు.

ఆ సాయంత్రం టీవీలో నెక్‌టైలు కట్టుకున్న ముగ్గురు మగవాళ్ళు ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని తూకం వేశారు. తెర మీద ఒకవైపు మార్లన్ ఫొటో. రెండోవైపు మార్లన్‌కి బదులుగా వచ్చే ఒక యువ ఆటగాడు, అతని కింద ఇంకా కాలేజీలోనే ఉన్న, ఎవరో తెలియని ఒక కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు. మా ఆయన ఎడమ మోకాలి గురించి, వేళ్ళ పొడవు గురించి, ముప్ఫై రెండేళ్ళ వయసు గురించి అరగంట మాట్లాడారు. ఆ మోకాలికి మూడు నెలలు రోజుకు నాలుగుసార్లు ఐసు పెట్టిన దాన్ని కాబట్టి నేనూ శ్రద్ధగానే విన్నాను. నాకు ఒకటే తెలుసుకోవాలనిపించింది. త్రాసులో ఇంకేం వేస్తారా అని. మా అమ్మాయి ఐవీ నాలుగో తరగతిని వెయ్యలేదు. నా ఉద్యోగాన్ని వెయ్యలేదు. మేమిద్దరం ఎటువైపూ లేము. మార్లన్ వెళితే వెనకాలే వస్తామన్నది ఎంత తెలిసిన సంగతంటే, దాన్ని ఎవరూ పైకి అనే పని కూడా లేదు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. మాట సరిగా రాని పిల్లలకి మాట నేర్పే చదువు చదివాను. చదివితే చాలదు. అనుభవం ఉన్నవాళ్ళ కింద కొంతకాలం పనిచేస్తేనే పూర్తి లైసెన్సు. పైగా రాష్ట్రం మారితే కాగితాలన్నీ కొత్తగా మొదలు. రెండుసార్లు సగంలో వదిలేశాను. ఇక్కడ మొన్న సెప్టెంబరులో మూడోసారి చేరాను. సగం రోజుల పని కాబట్టి పద్దెనిమిది నెలలు పడుతుంది. వచ్చే మార్చికి అయిపోతుంది. మాట రాని పిల్లలకి మేం మొట్టమొదట నేర్పే మాటల్లో "వద్దు" ఒకటి. తల్లులు విస్తుపోతారు. "ముందు 'అమ్మ' అనిపించరా?" అంటారు. అమ్మ అనకపోయినా అమ్మ వస్తుందండీ, వద్దు అనలేకపోతే ఆ పిల్ల నోట్లోకి ఎవరు ఏది కుక్కినా మింగాల్సిందే అని చెబుతుంటాను. నెలకి పదిసార్లు చెప్పే మాటే. చెబుతున్నప్పుడు ఎప్పుడూ నా గురించి ఆలోచించలేదు.

తర్వాతి సోమవారం మా అత్తగారు మిసిసిపీ నుంచి సర్దడానికి దిగింది. పదకొండేళ్ళుగా నేనావిణ్ణి మిస్ వెర్నెల్ అనే పిలుస్తాను, వాళ్ళ వైపు పెద్దావిడల్ని అలాగే పిలవాలి. వచ్చీరాగానే నడుం బిగించి గాజు సామాను కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది.

"మొహం అలా పెట్టకు పిల్లా. వాడి చేతులే కదా మనందరికీ ఇంత పెడుతున్నది. చేతులెక్కడుంటే మనమూ అక్కడే."

"నా పని సగంలో ఉంది మిస్ వెర్నెల్."

"పిల్లల చేత ఊ, ఆ అనిపించే పనేగా? ఆరిజోనాలో మాత్రం మాటరాని పిల్లలుండరా?"

మార్లన్ పక్కనే ఉండి నవ్వాడు. ఎగతాళిగా కాదు. అతనెప్పుడూ ఎగతాళి చెయ్యడు. నేను దారిలోకి వస్తానని తెలిసిన మనిషి నవ్వినట్టు నవ్వాడు.

బుధవారం సామాన్ల లారీ గురించి మార్లన్ ఏజెంటు కోల్బీకి ఫోన్ చేశాను. మాటల మధ్యలో ఒక సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం ఈ వంటింట్లోనే, నేను పోసిన కాఫీ తాగుతూ, కొత్త ఒప్పందంలో ఒక షరతు సాధించానని కోల్బీ పొంగిపోయాడు. మార్లన్ ఒప్పుకోకుండా అతన్ని ఏ జట్టుకీ ఇవ్వకూడదు. ఆ ధైర్యంతోనే నేను ఉద్యోగంలో చేరాను. ఆ ధైర్యంతోనే మొన్న పెట్టెలు పారెయ్యబోయాను.

"మరి ఆ షరతు ఏమైనట్టు? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను" అన్నాను.

"అదేంటి మిసెస్ ప్రూయిట్, ఆయనే కదా వదులుకుంటున్నానని సంతకం పెట్టారు. ఈ మార్పిడి సంగతి బయటికి రావడానికి వారం ముందే. మీతో మాట్లాడారా అని నేను రెండుసార్లు అడిగాను కూడా. 'షెల్‌కి చెప్పాను, సరేనంది' అన్నారు."

వారం ముందే. శుక్రవారం కన్నా ముందే. నేలమాళిగకి వెళ్ళి ఆ పెట్టెల ముందు నిలబడ్డాను. మొన్న అతను వీటిని ఎందుకు ఉంచమన్నాడో తెలిసొచ్చింది.

ఆ మధ్యాహ్నం అతని వేళ్ళకి పట్టీ చుడుతూ అడిగాను. చిటికెన వేలినీ పక్క వేలినీ కలిపి చుట్టాలి, అది నాకు తప్ప ఎవరికీ కుదరదంటాడు.

"సంతకం పెట్టావట."

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నాకింక రెండేళ్ళే ఉన్నాయి షెల్. ఇక్కడ బంతి నా వైపు రావడమే మానేసింది. అక్కడ బంతి విసిరేవాడు కాలేజీలో నాతో ఆడినవాడు. నా పరుగు వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు."

"అది అర్థమైంది. నేను సరేనన్నానని ఎందుకు చెప్పావు?"

నిజంగానే ఆలోచించాడు. అబద్ధం కోసం వెతుకుతున్నట్టు లేదు. "నువ్వెప్పుడూ సరేనంటావుగా. అడిగినా అదే అనేదానివి."

పట్టీ చుట్టడం ముగించి చివర కత్తిరించాను. అతను చెప్పింది నిజమే కావచ్చు, అదే నన్ను వదలకుండా పట్టుకుంది. అడిగి ఉంటే సరేననే దాన్నేమో. అనకపోయేదాన్నేమో. ఒకసారి అడిగి ఉంటే ఇద్దరికీ తెలిసేది. నాష్‌విల్‌కి ముందు, పిట్స్‌బర్గ్‌కి ముందు, ఐవీ పుట్టాక నా పరీక్ష వాయిదా వేసినప్పుడు, ఎవరైనా నన్ను ప్రశ్నార్థకం ఉన్న వాక్యం ఒకటి అడిగారా అని రెండు రోజులు జ్ఞాపకం చేసుకున్నాను. రాత్రికేం వండుతున్నావ్ అన్నది తప్ప ఏదీ దొరకలేదు.

శుక్రవారం సాయంత్రం మిస్ వెర్నెల్ వాళ్ళ ఊరి పద్ధతిలో మొక్కజొన్న పిండి అద్ది చేపలు వేయించింది. మొదటి ముక్క మార్లన్‌కి, పెద్ద ముక్కా మార్లన్‌కే. ప్రార్థన అయ్యాక ఆవిడ అంది, "పిల్లా, కింద పెట్టెలొక్కటీ కనబడవేం? రేపు వంటిల్లు సర్దాలి."

"పొద్దున బండికి వేశాను. మీరు గాజు సామాను సర్దిన రెండూ తప్ప."

మార్లన్ ముల్లు తీస్తున్న చెయ్యి ఆగింది. "వేసేశావా? ఉంచమన్నానుగా!"

"అన్నావు. ఆరిజోనాకి నువ్వెళ్ళు మార్లన్. బాగా ఆడు, మేం టీవీలో చూస్తాం. సెలవులకి వస్తాం. వచ్చే మార్చికి నా పని పూర్తయ్యేదాకా నేనూ ఐవీ ఇక్కడే ఉంటాం. ఐవీ బడిలో కూడా చెప్పేశాను."

"నన్నో మాట అడగకుండానే?" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, కళ్ళు కంచంలోకి దించుకున్నాడు.

"అయితే నేను చుట్టిన గ్లాసులన్నీ మళ్ళీ విప్పాలా?" అంది మిస్ వెర్నెల్. తర్వాత చేపల పళ్ళెం ఒకసారి అటూ ఇటూ తిప్పి, నా ముందుకి జరిపింది.

"మరి మార్చిలో?" అని అడిగింది మా ఐవీ. "అప్పుడు వెళ్తామా అమ్మా?"

"అప్పుడు మీ నాన్న మనల్ని అడుగుతాడు. నిన్నూ, నన్నూ."

"అడిగితే నువ్వేమంటావ్?"

ఒక చేప ముక్క తీసి నా కంచంలో వేసుకున్నాను.

"తెలీదురా. ఇంతవరకూ ఎవరూ అడగలేదుగా. ఏమంటానో వినాలని నాకూ ఉంది."