తలా కాస్త తరుగు

ఆటోనగర్‌లో జక్కయ్య కాటా తెలియని లారీ డ్రైవరు లేడు. కాటా అంటే లారీని లోడుతో సహా ఎక్కించి తూచే వేబ్రిడ్జి. ఇరవై ఎనిమిదేళ్లుగా దాని పక్కన గాజు కిటికీ వెనక కూర్చుని జక్కయ్య నేర్చుకున్నది ఒక్కటే: తూకం దగ్గర నిజం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. వెనక చక్రం బెత్తెడు బయట ఉంచి ఏమీ ఎరగనట్టు బీడీ కాల్చుకునేవాడొకడు, సీటు కింద ఇసుక బస్తా దాచుకొచ్చేవాడొకడు. ధాన్యం లోడైతే తేమ ఉందని ఒకరు, తాలు ఉందని ఇంకొకరు తూకంలో కాస్త కోసి తరుగు తీస్తారు. ఇవన్నీ చూసీ చూసీ ఆయన కళ్లకి అనుమానం అలవాటైపోయింది. పెళ్లిలో ఎవరైనా నవ్వుతూ నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆలోచించేవాడు.

అలాంటి మనిషికి షుగరొచ్చింది. మూడేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చాక ఒకరోజు డాక్టరు తేల్చి చెప్పేశాడు. "తొంభై నాలుగు కిలోలున్నారు. నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గండి. వారానికి అరకిలో చొప్పున, నెమ్మదిగా. తగ్గకపోతే ఇన్సులిన్ తప్పదు."

నలభై టన్నుల లారీకి అడ్డంగా నిలబడి డ్రైవరుతో తగువాడగల జక్కయ్య, సూది మాట వింటే మాత్రం నీరుగారిపోతాడు. చిన్నప్పుడు టీకాలు వేసేవాళ్లొస్తే గడ్డివాములో దూరిన రకం. రోజూ తన పొట్టలో తనే పొడుచుకోవాలన్న ఊహకే ఆయనకి చెమటలు పట్టాయి. ఎనిమిది కిలోలు తగ్గాలి, సూది తప్పించుకోవాలి. ఆ రోజు నుంచి ఆయన బతుకులో ఇంకో ధ్యేయం లేదు.

ఆసుపత్రి మేడమీదే డైటీషియన్ సత్యశ్రీ గది. భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు. పాతికా ముప్ఫై మధ్య వయసు, ఎదురుగా కంప్యూటరు. రోజూ ఏమేం తింటారని అడిగింది. జక్కయ్య దాచకుండా చెప్పాడు. పొద్దున నెయ్యికారంతో నాలుగిడ్లీలు, మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నంత అన్నం, సాయంత్రం ఆరు మిరపకాయ బజ్జీలు, పండగ పబ్బాలకి పూతరేకులు. సత్యశ్రీ అన్నీ కంప్యూటర్లో ఎక్కించుకుంది. ఆయన ఎత్తూ బరువూ చూసింది, ఏవో మీటలు నొక్కింది, కాసేపు తెరవైపు చూసి చిన్నగా నవ్వింది.

"రోజుకి పదిహేను వందల కేలరీలండి. ఆంటీ గారూ, ఏది ఎంత పెట్టాలో ఇందులో రాశాను. మధ్యాహ్నం నాలుగు పుల్కాలు, రాత్రి మూడు. సాయంత్రం ఒక కప్పు గుగ్గిళ్లు."

పటమటలోని ఇంటికి స్కూటరు మీద వస్తూ జక్కయ్య వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పద్మా, ఆ పిల్ల లెక్క మీద నాకు గురి కుదర్లేదు."

"మీకు ఎవరి లెక్క మీద కుదిరింది గనక?" అంది భార్య పద్మావతమ్మ.

"నవ్వింది చూశావా? పైగా సరిగ్గా పదిహేను వందలంట. ఇన్నేళ్లలో ఏ లారీ అయినా గుండుసున్నాలతో తూగడం చూశానా నేను? గుండ్రంగా ఉందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే."

"రోడ్డు చూసి నడపండి."

చెయ్యి పెట్టింది ఎక్కువకా తక్కువకా అన్నది ఆయన రెండు రోజులు ఆలోచించాడు. చివరికి ఎక్కువకే అయ్యుంటుందని తీర్మానించాడు. తొందరగా తగ్గిపోతే మళ్లీ వాళ్ల దగ్గరికెవరు వెళతారు? అందుకే నెమ్మదిగా, నెమ్మదిగా అంటున్నారు. డాక్టరూ ఆ మాటే, ఈ పిల్లా ఆ మాటే. ఇద్దరూ కూడబలుక్కున్నారు.

ఇక రెండో అనుమానం ఇంట్లోదే. పద్మావతమ్మ చేతివంట అంటే చుట్టాల్లో పేరు. నెయ్యి వెయ్యకుండా ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? మొగుడు చిక్కిపోతున్నాడని జాలిపడి పుల్కాలకి రాసేస్తే, పప్పులో ఒక గరిటె తిప్పేస్తే ఎవరు చూడొచ్చారు? కంచే చేను మేస్తే కాపలా ఎవరు కాయాలి? జక్కయ్య కాటా బుద్ధి ఊరుకోలేదు. ఆవిడ పెరట్లో బట్టలారేస్తుండగా వంటింట్లోకి వెళ్లి, నెయ్యి సీసా మీద నెయ్యి ఎంతవరకుందో అక్కడ పెన్నుతో సన్నగా గీత పెట్టాడు.

వారం తిరిగేసరికి నెయ్యి గీతకి వేలెడు కిందికి దిగింది.

నిజం చెప్పాలంటే ఆయన మనసు చివుక్కుమంది. తనకేమో సూది గండం, ఈవిడకేమో పెట్టుపోతల సరదా. నిలదీద్దామనుకున్నాడు. కానీ నిలదీస్తే గీత సంగతి బయటపడుతుంది, సీసా మారుతుంది, అసలు దొంగతనం ఇంకో దారి పడుతుంది. దొరికిన డ్రైవరు కంటే జాగ్రత్తపడిన డ్రైవరు ప్రమాదం. అందుకని నోరు మూసుకుని తన ఏర్పాటు తను చేసుకున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే ఒక పుల్కా, సగం పప్పు తీసి నతానియేలుకి పెట్టేసేవాడు. నతానియేలు కాటాలో కంప్యూటరు ముందు కూర్చుని చీటీలు తీసే మనిషి, పదేళ్లుగా ఆయనకి కుడిభుజం. సాయంత్రం గుగ్గిళ్లు అసలు ముట్టడమే మానేశాడు. నెయ్యి ఎంత కలిపినా ఈ కోతతో దానికి చెల్లు.

"అన్నగారూ, ఈ పుల్కాలేంటి పూరీ అంత కూడా లేవు?" అన్నాడు నతానియేలు ఒకరోజు.

"సైజు చూడకు. నెయ్యి పట్టించి ఉంటాయి."

నతానియేలు పుల్కాని వెలుగుకి పెట్టి చూశాడు. ఏమీ కనబడక తినేశాడు.

బజ్జీల బండి మాత్రం కాటాకి యాభై అడుగుల దూరంలోనే ఉంది. గాలి ఇటు తిరిగితే వాము వాసన తిన్నగా గాజు కిటికీలోకి వచ్చేది. జక్కయ్య లేచి కిటికీ మూసేసేవాడు. అయిదు వారాల్లో ఒక్క బజ్జీ ముట్టలేదు. ఆ నిగ్రహం చూసి ఆయనకే ముచ్చటేసేది.

బరువు దిగింది. మామూలుగా కాదు, అయిదు వారాల్లో ఆరు కిలోలు. ఆయన సంతోషించే ముందు ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ని అనుమానించాడు. కాటా నుంచి సీలున్న ఇరవై కిలోల గుండు ఇంటికి మోసుకొచ్చి దాని మీద పెట్టి చూశాడు. సరిగ్గా ఇరవై చూపించింది. అప్పుడు ఛాతీ విరుచుకున్నాడు. చూశారా, నెమ్మది నెమ్మది అని నన్ను ఎన్నాళ్లు తిప్పుకుందామనుకున్నారో! పదకొండయ్యేసరికి చేతులు వణకడం, ఊరికే కోపం రావడం, మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్మడం, ఇవన్నీ ఎండల వల్ల అనుకున్నాడు. పద్మావతమ్మ రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాగానే ఉందా అని. ఆ అడగడంలో కూడా ఆయనకి ఏదో దాపరికం కనిపించింది.

ఒక బుధవారం పదకొండున్నరకి ఊక లోడు లారీ కాటా ఎక్కింది. జక్కయ్య తెరమీద అంకెలు చూశాడు. అవి కదులుతున్నాయి. కళ్లు నులుముకున్నాడు. ఒక్కో అంకె రెండుగా కనబడింది.

"నతానియేలూ, డ్రైవరు లారీ ఊపుతున్నాడ్రా."

"లేదన్నా, తూకం నిలబడే ఉంది. చీటీ కొట్టేశాను."

"నాకు చెప్తావా? నువ్వూ వాడితో కలిశావా?"

ఆ మాటకి నతానియేలు మొహం పాలిపోయింది. జక్కయ్య తలుపు తోసుకుని బయటికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికంటుకుపోయి ఉంది. డ్రైవరు వైపు వేలు చూపించి ఏదో అనబోయాడు, నాలుక తిరగలేదు. నాలుగడుగులు వేసి, లారీ ముందు టైరుని ఆసరా చేసుకుని, అలాగే కిందికి జారిపోయాడు.

డ్రైవరే ముందు దూకి పట్టుకున్నాడు. నతానియేలు బడ్డీకొట్టు నుంచి కూల్‌డ్రింకు తెచ్చి గుక్కగుక్కగా పట్టించాడు. పావుగంటకి జక్కయ్యకి మాట వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి చూపిస్తే, కూల్‌డ్రింకు పడ్డాక కూడా షుగరు యాభై ఎనిమిది.

డాక్టరు కోప్పడ్డాడు. "నేనిచ్చిన మాత్రలు మీరు చార్టులో ఉన్నది తింటారని ఇచ్చినవి. తిండి లేకుండా అవి మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు పడుంటే ఏమయ్యేది? అసలు మీరు తింటున్నదెంత?"

ఆ ప్రశ్నతోనే మర్నాడు మళ్లీ మేడమీద గదికి వెళ్లారు. ఇటు జక్కయ్య, అటు పద్మావతమ్మ, మధ్యలో సత్యశ్రీ, గుమ్మం దగ్గర నతానియేలు.

"ఆంటీ గారూ, చార్టులో ఉన్నంతా పెడుతున్నారా?"

పద్మావతమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "నాలుగుకి మూడు పెడుతున్నానమ్మా. రాత్రి మూడుకి రెండు. ఉండలు కూడా కాస్త చిన్నవి చేస్తున్నాను."

జక్కయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "తగ్గించావా? ఎందుకూ?"

"మీరు సాయంత్రం బజ్జీలు తినొస్తారు కదా! ఆ లెక్క ఎక్కడో ఒకచోట తియ్యాలిగా? నేనడిగితే ఒప్పుకుంటారా? జేబు దగ్గర నూనె మరకలు ఉతుకుతున్నదాన్ని నాకు తెలీదా?"

"అది గ్రీజే! కాటా కింద బేరింగులకి గ్రీజు పెట్టుకుంటాం! నతానియేలుని అడుగు!"

"గ్రీజేనండమ్మా," అన్నాడు నతానియేలు. "అన్నగారు బజ్జీ వాసన తగిలితే కిటికీ కూడా మూసేస్తారు."

జక్కయ్యకి మాటలు తన్నుకొచ్చాయి. "ముప్ఫై రెండేళ్ల కాపురంలో నా మాట మీద ఇంత నమ్మకం లేదన్నమాట! నువ్వు నెయ్యి దట్టించి పెడుతున్నావని తెలిసి కూడా నేను నోరెత్తలేదే! నా పుల్కా వీడికి పెట్టుకుని, గుగ్గిళ్లు మానుకుని, నా తిప్పలు నేను పడ్డానే!"

"నెయ్యా? నేనా?"

"సీసా మీద గీత పెట్టాను. వారానికి వేలెడు దిగింది."

పద్మావతమ్మ మెల్లగా అంది. "అది దీపానికండీ. మీకు సూది తప్పాలని నలభై రోజులు నేతి దీపం పెడతానని మొక్కుకున్నాను. మీరు కాటాకి వెళ్లాక పెడుతున్నాను, చాదస్తం అంటారని."

జక్కయ్య కూలబడ్డాడు. సిగ్గేసింది. లారీ ముందు పడిపోయినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు.

సత్యశ్రీ ఇద్దరూ చెప్పినవి కూడింది. "మీరు తిన్నది రోజుకి వెయ్యి కూడా లేదండి," అంది. తర్వాత కంప్యూటరు వైపు చూసింది, మళ్లీ జక్కయ్య వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "నా పొరపాటు కూడా ఉంది అంకుల్. మీ ఎత్తు, బరువు, వయసు, పని, అన్నీ వేస్తే పద్దెనిమిది వందలు తింటూ కూడా వారానికి అరకిలో తగ్గుతారు. నేనే పదిహేను రాశాను."

"ఎందుకమ్మా?" అన్నాడు జక్కయ్య నీరసంగా.

"ఇక్కడికొచ్చేవాళ్లందరూ రాసినదానికి మూడొందలు ఎక్కువే తింటారు. తినలేదనే చెప్తారు. మీరూ అంతే అనుకున్నాను. ఆరు బజ్జీలని మీ అంతట మీరే చెప్పినప్పుడు, అయితే ఎనిమిది తింటారేమో అని నవ్వుకున్నాను కూడా."

జక్కయ్య వేళ్లు మడిచి చూసుకున్నాడు. పద్దెనిమిది వందల్లో ఈ పిల్ల మూడొందలు, ఇంటావిడ ఇంకో మూడొందలు, మిగిలినదాంట్లో తను ఇంకో రెండొందల పైన. కల్లంలో ధాన్యం రాశికి తీసినట్టు తలా కాస్త తరుగు తీశారు, తనతో సహా. ముగ్గురూ తన మేలు కోరినవాళ్లే. ముగ్గురూ కలిసి తనని లారీ టైరు కిందికి తెచ్చారు.

ఎవరి మీద అరవాలో ఆయనకి తెలియలేదు. "రాయమ్మా, ఈసారి అసలుది రాయి," అన్నాడు. "లెక్క నాకు చూపిస్తూ రాయి."

సత్యశ్రీ తెర ఆయన వైపు తిప్పింది. డాక్టరుని అడిగి మాత్ర సగానికి తగ్గించారు. కళ్లు తిరిగితే వెంటనే తినడానికి జేబులో గ్లూకోజు పెట్టుకోమన్నారు. వారం వారం బరువు చూసి అంకె మారుద్దామంది సత్యశ్రీ. "కానీ అంకుల్, ఏం తిన్నారో నాకు నిజం చెప్పాలి. నేనూ నిజమే రాస్తాను." దిగేటప్పుడు మెట్ల మీద జక్కయ్య నతానియేలు భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నటి మాటకి ఏమనాలో తెలియక, "నువ్వు కాస్త ఒళ్లు చేశావురా," అన్నాడు. నతానియేలు నవ్వి, మీ పుల్కాలేనన్నా అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. బరువు ఒకటిన్నర కిలో తగ్గింది, చేతుల వణుకు పోయింది. సూది గండం గడిచిందని డాక్టరు ఇంకా అనలేదు, పొడవాల్సిందేననీ అనలేదు.

ఒక సాయంత్రం ఆటోనగర్‌లో వాన పడింది. లారీలు లేవు. వాన వాసనతో పాటు వాము వాసన కూడా వచ్చింది. జక్కయ్య కిటికీ మూయడానికి లేచి, మూయలేదు.

ఏడున్నరకి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పద్మావతమ్మ పళ్లెం ముందుపెట్టింది. కొత్త చార్టు ప్రకారం నాలుగు పుల్కాలు, బీరకాయ పప్పు, గిన్నెలో మజ్జిగ. ఆవిడ చూపు ఒక్క క్షణం ఆయన చొక్కా జేబు దగ్గర ఆగింది. జక్కయ్య ఆ చూపుని చూశాడు. గ్రీజు అంటే సరిపోతుంది. నతానియేలు సాక్ష్యం కూడా ఉంది.

"రెండు బజ్జీలు తిన్నాను," అన్నాడు.

పద్మావతమ్మ ఆయన మొహంలోకి చూసింది. "రెండేనా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "నతానియేలు ప్లేట్లోది ఇంకో సగం."

ఆవిడ వంగి, ఆయన చూస్తుండగానే, పళ్లెంలోంచి ఒక పుల్కా తీసి తన కంచంలో వేసుకుంది. తర్వాత ఆయనకి ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. మిగిలిన మూడూ జక్కయ్య ఒక్క ముక్క పక్కన పెట్టకుండా తిన్నాడు.