తివాచీ కింద పావురాలు

బందరులో అఫ్జల్ ప్రెస్సు కింద, కాపురం మేడ మీద. పెళ్లికార్డుల డిజైన్లన్నీ ప్రెస్సు అటక మీద, కంప్యూటర్ ఫైళ్లు దాచే నల్లపెట్టెలో ఉంటాయి. కంప్యూటర్ వైఫై ద్వారా ఆ పెట్టెను అందుకుని ‘కార్డులు’ అనే ఫోల్డర్‌లో చూపిస్తుంది. కాగితాల కొట్టు కదా, నిప్పంటుకుంటుందేమోనని అఫ్జల్ తాళం వేసేముందు కరెంటు మెయిన్ ఆపేస్తాడు. పొద్దున మెయిన్ వేయగానే కంప్యూటర్ ముందు లేస్తుంది. వైఫై, పెట్టె బద్ధకంగా లేస్తాయి. కంప్యూటర్ వాటికోసం ఆగదు. ఫోల్డర్ ఖాళీ.

“నఫీసా! పెట్టె పోయింది!” అని రోజూ మెట్ల కింద నుంచి కేక. బీయస్సీ కంప్యూటర్స్ చదివిన అతని భార్య నఫీసా చేతిలో గరిటెతోనే దిగి, పాస్‌వర్డ్ కొట్టి, పెట్టెను కలిపి వెళ్లేది. నిన్న మధ్యాహ్నం ఆమెకు విసుగు పుట్టింది. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లో ఒక వరుస రాసింది. వైఫై వచ్చేదాకా ఆగు, పెట్టెను నువ్వే కలుపుకో, దొరక్కపోతే మొరాయించకు, అని దాని అర్థం.

ఈ పొద్దున కేక లేదు. అఫ్జలే మేడెక్కి వచ్చాడు.

“వచ్చేసిందోయ్! దానంతటదే వచ్చేసింది! ఇంక నీతో పనేముంది నాకు?”

“అయితే టిఫినూ దానంతటదే వస్తుందేమో చూడండి.”

ఇంతలో కింద మొవ్వ నుంచి నిస్సీ, వాళ్లమ్మ ప్రేమమ్మ ఆటో దిగారు. నిస్సీ పెళ్లికార్డులు పట్టుకుని ఈ పూటే గుడివాడ వెళ్లాలి. అక్కడున్న పెళ్లికొడుకు మేనత్త తన ఊరు వెళ్లిపోయేలోపు మొదటి కార్డు ఆమె చేతికి అందకపోతే, పెళ్లికే రానందట.

అఫ్జల్ కిందికి దిగి ఫోల్డర్ తెరిచాడు. అందరి కార్డులూ ఉన్నాయి, నిస్సీది లేదు. నిన్న ఆ పిల్ల పక్కన కూర్చుని పావురాల మొహాలు అటు తిప్పించి, ఇటు తిప్పించి చేయించిన కార్డు.

“బాబాయ్‌గారూ, ఆటపట్టించకండీ,” అంది నిస్సీ.

“అఫ్జల్‌గారూ, ఆ మేనత్త అన్నంత పనీ చేస్తుందండీ!” అంది ప్రేమమ్మ.

అఫ్జల్ మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. “నఫీసా! నువ్వు రాసిన వరుసే మింగేసింది!”

నఫీసా గరిటెతోనే దిగి వచ్చింది. “నిన్న ఈ కార్డు ఎప్పుడు చేశారు?”

“పొద్దున్నే. నువ్వు స్నానంలో ఉన్నావు. ఫోల్డర్ ఖాళీగా ఉంది, పోనీలే, చోటు ఎక్కువుందని అందులోనే దాచాను.”

నఫీసా ఫక్కున నవ్వింది. “నవ్వకండి పిన్నిగారూ!” అని నిస్సీ ఏడుపు మొహం పెట్టింది.

“మీ కార్డు పోలేదమ్మా. పెట్టె కలవకముందే ఈయన దాన్ని కంప్యూటర్‌లోనే, అంటే నేల మీద పెట్టారు. తర్వాత నేనొచ్చి పెట్టెను కలిపి, పైన తివాచీ పరిచాను. అది కిందే ఉంది.”

తివాచీ ఎత్తడానికి ఆమె పెట్టెను కంప్యూటర్ నుంచి విడదీయబోయింది. కుదరదంది కంప్యూటర్.

“ఎవరో వాడుతున్నారంటోంది.”

“ఎవరు?” అని అఫ్జల్ వీధిలోకి తొంగి చూశాడు.

“మీరేనండీ! ఆ ఫోల్డర్ మూయండి.”

మూశాడు. ఆమె మళ్లీ కొట్టింది. ఫోల్డర్ తెరిస్తే కార్డులన్నీ మాయం. అఫ్జల్ గుండె పట్టుకుని “ఉన్నవీ పోగొట్టావా!” అనేలోపే, మూల ఒంటరిగా ఒకే ఒక్క ఫైలు కనిపించింది. నిస్సీ కెవ్వుమని ఎగిరి నఫీసాను కావలించుకుంది. గరిటెలో మిగిలిన చట్నీ నిస్సీ చున్నీకి అంటింది. ఎవరూ పట్టించుకోలేదు.

నఫీసా ఫైలును పక్కకు తీసి, పెట్టెను తిరిగి కలిపి, అందులో భద్రంగా పెట్టింది. “ఇంక ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఏమీ దాచకండి. నన్ను పిలవండి.”

“నీతో పని పడిందన్నమాట,” అన్నాడు అఫ్జల్ బుద్ధిగా.

ప్రింటర్ టకటకా మొదలైంది. అప్పుడే ప్రేమమ్మ ఫోను మోగింది. మేనత్త.

“ఆఁ వదినగారూ, బస్సెక్కేశామండీ! ఏంటండీ? ఆ చప్పుడా? బస్సుదేనండీ, పాత బస్సు!”

నిస్సీ చున్నీ నోట్లో కుక్కుకుంది. అఫ్జల్ వెచ్చటి కార్డుల కట్ట ఆమె చేతిలో పెట్టి, ఫోను దగ్గరికి వంగి గొంతు మార్చి అరిచాడు.

“గుడివాడ, గుడివాడ! రైట్ రైట్!”